తేలిక దారిలో వకుళ

కార్తీకం 2

నిన్నటి పొద్దున ఎలా గడిచిందో ముందు రాస్తాను. అది మామూలు పొద్దునే.

వీధి దీపాలు ఇంకా ఎర్రగా ఉండగానే లేచాను. నా వంతు మూడు చెంబుల నీళ్లతో స్నానం చేశాను. దేవుడి గూట్లో దీపం పెట్టాను. మా ఊళ్లో మంట వెలిగించకూడదు కనక అది వేలితో తాకితే వెలిగే గాజు దీపం. అయినా గాలి తగలకుండా చెయ్యి అడ్డం పెట్టే తాకుతాను. నాన్నకు ఆ అలవాటుండేది. నూటెనిమిది నామాలు చదువుకుని అడుగుల గది తలుపు తీశాను.

గది పొడుగ్గా, వీధి పోయినట్టే పోతుంది. నేలమీద తెల్లకాగితం పరిచాను. గిన్నెలో పసుపు కలిపాను. ప్లాస్టిక్ రేకులు మెత్తబడడానికి వేడిపెట్టెలో పెట్టాను. పిల్లల పాదాల అచ్చులు తుడిచి, పేర్లు కనబడేలా అరలో సర్దాను.

అప్పటికి వకుళ లేచింది. మేజోళ్లు చేత్తో పట్టుకుని వచ్చి, ఎదురుగా పీట మీద కూర్చుని, పాదాలు నా ఒళ్లో పెట్టింది. వకుళ నా తమ్ముడు సుందరం కూతురు. ఆరేళ్లు. పుట్టుకతోనే కీళ్లు వదులు. వట్టి కాళ్లతో నిలబడితే చీలమండలు లోపలికి వాలిపోతాయి, అరికాలు మొత్తం నేలకు అతుక్కుపోతుంది. అందుకని మడమ నుంచి పిక్క దాకా కాలిని కదలకుండా పట్టి ఉంచే గట్టి స్ప్లింట్లు చేశాను. మేజోళ్లు ముడత లేకుండా లాగాను. మడమను అడుగుకంటా దించి, ముందు చీలమండ పట్టీ, తరవాత పిక్క పట్టీ బిగించాను. ఈ వరస తప్పితే మడమ పైకి లేస్తుంది. నొప్పుందా అని అడిగాను. లేదని తల ఊపింది. దోసె ముక్క నోట్లో పెట్టుకుని బయల్దేరింది.

బడి దాకా నేనే తీసుకెళ్లాను. మా ఇంటి నుంచి బడికి పోయేది బరువు దారి. ఈ పుస్తకం నెలకోసారి చూసే డాక్టరు బరువన్నదే లేని ఇరుసులో పుట్టి పెరిగినాయన. నడక ఎరగడు. ఆయన కోసం రాస్తున్నాను. మా ఊరు ఆకాశంలో తిరుగుతుండే చిన్న చక్రం, వీధులు దాని లోపలి అంచున. అది తిరిగే వైపు నడిస్తే ఒళ్లు బరువెక్కుతుంది, నెత్తిన మూట పెట్టినట్టు. అదే వీధిలో వెనక్కి వస్తే ఒళ్లు తేలిపోతుంది, అది తేలిక దారి. వకుళ నా చిటికెన వేలు పట్టుకుని, ఒక్కసారి కూడా తడబడకుండా బడి గుమ్మం ఎక్కింది. నేను తిరిగొచ్చి పన్నెండు మంది పిల్లల పాదాలు చూశాను.

సాయంత్రం వకుళ చీటీ తెచ్చింది. బడి నుంచి వస్తూ పడింది. దసరా సెలవుల తరవాత ఇది రెండోసారి. మూడోసారి పడితే ఇరుసు బడి గురించి ఆలోచించాలని టీచరమ్మ రాసింది.

ఇరుసు ఊరి నడిమధ్య, మా నెత్తిమీద ఉంటుంది. అక్కడ బరువు లేదు. పిల్లలు తేలుతూ చదువుకుంటారు. ఎవరూ పడరు. రెండేళ్లుంటే కాళ్లు సన్నబడిపోయి ఇక కిందికి దిగలేరు.

కార్తీకం 3

అడుగుల గదిలో ఇప్పుడు మధ్యన తెర ఉంది. ఇటు సగం నాది, అటు సగం నా చెల్లెలు హైమది. హైమ నాకంటే పదేళ్లు చిన్నది. అమ్మ పోయేనాటికి దానికి నాలుగేళ్లు. జడ వేసింది, జ్వరం వస్తే ఎత్తుకు తిరిగింది నేను. పన్నెండేళ్లు ఇంకో ఊళ్లో, పెద్ద చక్రంలో, చదువుకుని, పనిచేసి, రెండేళ్ల కిందట బెల్టు తెచ్చుకుని వచ్చింది. బెల్టు ఎక్కిన పిల్ల ఎంత నడిచినా ఉన్నచోటే ఉంటుంది, కింద పట్టా వెనక్కి జరుగుతూ ఉంటుంది. పాదం ఎక్కడెంత ఒత్తుతోందో గోడమీద రంగుల్లో కనబడుతుంది. పిల్లలు దాన్ని చూసి నవ్వుతారు.

నా దగ్గర నవ్వరు. అంటే ఇదివరకు నవ్వేవాళ్లు. నాన్న పద్ధతే నాది. అరికాళ్లకు పసుపు నీళ్లు రాసి కాగితం మీద నడిపించి, పడిన ముద్ర చూసి ఏది తొడగాలో చెబుతాను. ఎప్పుడూ బరువు దారి వైపే నడిపిస్తాం. ఊరు కట్టినప్పుడు పెద్దలు ఆ వైపునే ప్రదక్షిణ అన్నారు. కొత్త చెప్పు తొడిగినా, పెళ్లి ఊరేగింపు తీసినా అటే మొదలు. పోయినవాళ్లను మాత్రం తేలిక దారిన తోటలో పాతడానికి తీసుకుపోతారు. అందుకని కాగితం కొస చేరిన పిల్లను ఎత్తుకుని వెనక్కి తెస్తాం, గదిలో మాత్రం అటు అడుగు వేయనివ్వం. అలా ఎత్తుకున్నప్పుడు నవ్వేవాళ్లు.

ఇవాళ రంగనాయకమ్మగారు మనవరాల్ని తీసుకొచ్చింది. ఆ పిల్ల మునివేళ్ల మీద నడుస్తుంది. మోకాలు చాచి పాదాన్ని పైకి వంచి చూశాను. పిక్క కాస్త బిగువుగా ఉంది కానీ పాదం మూలమట్టానికి వస్తోంది. స్ప్లింట్ పనిచేస్తుంది. పసుపు గిన్నె అందుకోబోతే రంగనాయకమ్మగారు ఆపింది.

"పసుపు వద్దులే కాత్యాయనమ్మా. కిందటిసారి వదలడానికి మూడ్రోజులు పట్టింది. బళ్లో పిల్లలందరూ పెళ్లికూతురు, పెళ్లికూతురని దీన్ని ఏడిపించారు. చిన్నమ్మ ఖాళీగా ఉందా?"

చిన్నమ్మంటే హైమ. తెర అవతలికి వెళ్లారు. కాసేపటికి ఆ పిల్ల పకపకా నవ్వడం వినబడింది. పట్టీలకు ఏ రంగు కావాలో హైమ అడుగుతోంది. చిలకపచ్చ అంది పిల్ల. ముప్పై ఏళ్లలో నేను ఏ పిల్లనూ రంగు అడగలేదు. మా దగ్గర ఉన్నది తెలుపే.

తరవాత హైమ తెర పక్కకు జరిపి తల పెట్టి, ఆ పిల్ల పిక్క బిగువు చేత్తో చూసి చెప్పమని అడిగింది. "ఏం, నీ గోడ చెప్పలేదా" అన్నాను. హైమ తెర వేసుకుంది.

ఇది అసూయే. వేరే పేరు పెట్టి రాయను. దీపం ముందు కూర్చున్నప్పుడు కూడా ఈ మాటే చెప్పుకున్నాను.

కార్తీకం 4

వకుళకు ఏది తొడగాలన్నది మూడు నెలల కిందటి సంగతి. డాక్టరు చదవాలి కనక రాస్తున్నాను.

ఇద్దరం చెరో జత చేశాం. నాది పిక్క దాకా వచ్చే గట్టిది. హైమది చీలమండ దాటి నాలుగు వేళ్లే పైకి వస్తుంది, పలచన, పక్కలకు పట్టుకుంటుంది కానీ పాదాన్ని ముందుకూ వెనక్కీ వంగనిస్తుంది. గట్టిగా బిగిస్తే పిల్ల కండ సోమరిదవుతుందని హైమ అంది. వదిలేస్తే ఆ చీలమండ పదేళ్లకు పూర్తిగా ఒరిగిపోతుందని నేనన్నాను. రెండూ నిజమే. బడి పుస్తకంలో మాత్రం పిల్లకు ఒకే జత రాయాలి. రెండు రకాలు మార్చి తొడిగితే నడక కుదరలేదని లెక్క.

సుందరం వకుళను రెండింటితోనూ కాగితం మీద నడిపించమన్నాడు. బరువు దారిన హైమ జతతో చీలమండ వాలింది, పసుపు ముద్ర లోపలి అంచున పూసినట్టు అయింది. నా జతతో ముద్ర నిండుగా పడింది. "పెద్దక్కదే" అన్నాడు సుందరం. హైమ నవ్వి, తన జత అరలో పెట్టేసింది.

ఆ రోజు నాకు చాలా సంతోషమైంది. పిల్ల నడిచినందుకు కొంత.

కార్తీకం 5

వకుళ నిన్నా మొన్నా పడలేదు. పడడానికి కారణం నాకు దొరికింది. వారంలో రెండు సాయంత్రాలు హైమ దాన్ని బెల్టు ఎక్కించి ఆడిస్తుంది. పలచటి జతతో. ఒక పద్ధతికి అలవాటు పడాల్సిన కాళ్లు రెండు పద్ధతుల మధ్య కంగారు పడుతున్నాయి. సుందరానికి చెప్పాను. వాడు నా మాట కాదనడు. బెల్టు వద్దని హైమతో చెప్పాడు.

భోజనాల దగ్గర హైమ నావైపు చూడలేదు. మా మరదలు మాణిక్యం, అంటే వకుళ తల్లి, ఎవరికి ముందు వడ్డించాలో తెలియక గరిటె పట్టుకుని నిలబడింది. నాకే వడ్డించింది.

వకుళ మటుకు చిన్నత్త పక్కన కూర్చుని తిన్నది.

కార్తీకం 6

నాలుగు రోజులుగా పడలేదు. దేవుడికి చెప్పుకున్నాను. బెల్టు మానిపించింది మంచిదైందని మాణిక్యంతో రెండుసార్లు అన్నాను. ఒకసారి సరిపోయేది. తెర అవతల హైమ ఉంది.

సాయంత్రం వకుళ స్ప్లింట్లు విప్పి, చర్మం మీద ఎరుపు ఉందేమో చూశాను. రోజూ చూస్తాను. ఇరవై నిమిషాల్లో పోని ఎరుపు ఉంటే అచ్చు దిద్దాలి. ఇవాళ అసలు ఎరుపు లేదు. పొద్దుట్నుంచి తొడుక్కున్న కాలిలా లేదది. ఇప్పుడే తొడిగినట్టుంది.

పిల్ల ఆడుకోవడానికి వెళ్లాక దాని బడిసంచి తెరిచాను. పలకకింద కండువాలో చుట్టి హైమ చేసిన జత ఉంది. చిలకపచ్చ పట్టీలు. లోపలి మెత్త చెమటతో తడిగా ఉంది.

నాలుగు రోజులుగా అది నడుస్తున్నది దీనితోనా? నా జతతో బడికి వెళ్లి, నేను కనుమరుగు కాగానే ఇది తొడుక్కుంటోందా? ఒళ్లో పాదాలు పెట్టినంతసేపూ దాని మనసులో ఇదే ఉందా?

జత తీసి నా బీరువాలో పెట్టి తాళం వేశాను. ఎవరికీ చెప్పలేదు. రాత్రి నామాలు చదువుతుంటే రెండుసార్లు వరస తప్పాను.

కార్తీకం 7

వకుళ పడింది. ఇంటికి రెండు వందల అడుగుల దూరంలో, టీచరమ్మ కళ్లముందే. చేతులు అడ్డం పెట్టుకునే వీలు లేకపోయింది. గడ్డం చిట్లింది, కింది పెదవిలో పన్ను దిగింది. మాణిక్యం ఎత్తుకుని పరుగెత్తుకొచ్చింది. నాలుగు కుట్లు పడ్డాయి.

కుట్లు వేస్తున్నంతసేపూ నేను దాని కాళ్లు పట్టుకున్నాను. నా స్ప్లింట్లే ఉన్నాయి కాళ్లకు. నావైపు చూసింది. సంచిలో జత లేదేమని అడగలేదు. దానికి తెలుసు తీసింది నేనని.

కార్తీకం 8

బడి నుంచి ఉత్తరం వచ్చింది. కార్తీకం 11న పరీక్ష. మూడుసార్లూ ఇంటికి వచ్చే దారిలోనే పడింది కనక, బడి నుంచి ఇంటికి నడిచి, మళ్లీ ఇంటి నుంచి బడికి నడవాలి. పక్కన ఒక్కరు ఉండొచ్చు, ముట్టుకోకూడదు. ఏ జత తొడుగుతారో ముందు రోజే రాసివ్వాలి. పడితే ఇరుసు బడి.

సుందరం ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇరుసంటే మరీ భయపడనక్కర్లేదని, అక్కడ పిల్లలు హాయిగా ఉంటారని, గడ్డాలు పగలవని అన్నాడు. గొంతులో బలం లేదు.

మాణిక్యం ఎప్పుడూ గట్టిగా మాట్లాడదు. ఇవాళా మాట్లాడలేదు. బియ్యం ఏరుతూనే అంది. "మా అన్నను ఏడో ఏట పైకి పంపారండీ. హాయిగానే ఉన్నాడు. నా పెళ్లికి రాలేదు, రాలేడు. నాన్న పోతే రాలేదు. వదినగారూ, పిల్ల హాయిగా ఉండక్కర్లేదు. ఇక్కడుంటే చాలు."

వదినగారంటే నేను. అడిగింది నన్ను. నేను బీరువా తాళంచెవి కొంగున ముడేసుకుని కూర్చుని ఉన్నాను.

కార్తీకం 9

పొద్దున్నే బీరువా తీసి, హైమ జత పట్టుకుని వకుళ మంచం దగ్గరికి వెళ్లాను. పెదవి వాచి ఉంది. గంజి తాగుతోంది.

ఎందుకు మార్చుకుంటున్నావని అడిగాను. కోప్పడతానని ఎదురు చూసింది. కోప్పడలేదు. నిన్ను చిన్నత్త మార్చుకోమందా అని అడిగాను. అదే నా మనసులో ఉన్న అసలు ప్రశ్న.

తల అడ్డంగా ఊపింది. వాచిన పెదవితో నిదానంగా చెప్పింది.

"నీది పొద్దుటిది పెద్దత్తా. ఇది సాయంత్రంది."

అర్థం కాలేదన్నాను. ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు చూసింది. "నీదేసుకుంటే బడికెళ్లేప్పుడు కాలు బాగా నిలబడుద్ది. వచ్చేప్పుడు కర్రలాగ అయిపోద్ది. ముందుకెళ్లదు. చిన్నత్తదైతే వచ్చేప్పుడు బాగుంటది. వెళ్లేప్పుడు పడుకుండిపోద్ది కాలు." రెండు అరచేతులూ చీలమండల్లా పక్కకు వాల్చి చూపించింది.

ఎవరి జత బాగుందని దాన్ని అడగాలనిపించింది. ఈ వయసులో, ఆ పెదవిని చూస్తూ కూడా అనిపించింది. అడగలేదు.

గదికి తీసుకెళ్లాను. హైమ బజారుకు వెళ్లింది. కాగితం పరిచాను. నా స్ప్లింట్లు తొడిగి, బూట్లు లేకుండా, స్ప్లింట్ల అడుగున పసుపు రాశాను. బరువు దారిన నడిచింది. ముద్రలు నిండుగా పడ్డాయి, ఎప్పటిలాగే. కొసకు చేరి చేతులు చాచింది, ఎత్తుకుంటానని. ఎత్తుకోలేదు. దీపం వైపు తిరిగి దండం పెట్టుకుని, అలాగే వెనక్కి తిరిగి నడువమ్మా అన్నాను.

మాణిక్యం గుమ్మంలో ఉంది. "అటు వద్దు వదినా" అంది. 'గారు' మరిచిపోయింది. నేను పర్వాలేదన్నాను. నాకు పర్వాలేకుండా లేదు. నాన్న కట్టిన గదిలో ఇంతవరకు ఏ పిల్లా అటు అడుగు వేయలేదు.

వకుళ నడిచింది. ముద్రలు చూశాను. మడమలు సరిగా అంటనే లేదు. వేళ్ల దగ్గర పసుపు పొడుగ్గా ఈడ్చుకుపోయింది, ఒక్కొక్కటి జానెడు. ఒళ్లు తేలికైనప్పుడు ఆ గట్టి స్ప్లింట్‌ను ముందుకు ఒరిగించే బరువు దానికి చాలడం లేదు. పాదం లేవదు, వేళ్లు ఈడ్చుకుంటాయి, పిల్ల బోర్లా పడుతుంది. హైమ జత తొడిగి అటే నడిపించాను. చక్కగా పడ్డాయి. మడమ, అంచు, వేళ్లు, అన్నీ.

ముప్పై ఏళ్లు. కాగితం కొస నుంచి ఎంతమంది పిల్లలను ఎత్తుకుని వెనక్కి తెచ్చానో. వాళ్లందరూ బడి నుంచి ఇళ్లకు ఎలా నడిచి వెళ్లారో నేను ఒక్కనాడూ చూడలేదు.

కార్తీకం 10

పొద్దున హైమను గదిలోకి పిలిచి నిన్నటి ముద్రల కాగితాలు, నా జతవీ దాని జతవీ, పక్కపక్కన పరిచాను. చాలాసేపు చూసింది. తరవాత ఆ జత ఎక్కడ దొరికిందని అడిగింది. చెప్పాను. సంచిలోంచి తీసింది నేనని, తాళం వేసింది నేనని, దాని మర్నాడే పిల్ల పడిందని.

తిడుతుందనుకున్నాను. కింద కూర్చుండిపోయింది. "అడిగింది, ఇచ్చాను" అంది. "ఎందుకని అడగలేదక్కా. నాది నచ్చిందనుకున్నాను. నీకు చెప్పకుండా నాది వేసుకుంటోందంటే నాకు..." అని ఆగింది. ఆ మిగతా మాట నాకు తెలిసినదే. దానికీ ఉందని తెలియదు.

బెల్టు వైపు చూసి, తనకూ సగమే కనబడిందని అంది. బెల్టు మీద పిల్ల ఎటూ పోదు. ఉన్నచోటే ఉంటుంది. కనక బరువెక్కదు, తేలిక పడదు. పెద్ద చక్రంలో ఎటు నడిచినా తేడా తెలియదు, అక్కడ ఎవరూ ఈ సంగతి నేర్పలేదట.

ఇక చేయాల్సింది ఒకటే జత. రెండు దారులకూ పనికొచ్చేది. రెండింటి మధ్యగా, మరీ గట్టిగా కాకుండా మరీ పలచన కాకుండా చేద్దామని నేనన్నాను. అలా చేస్తే రెండు దారుల్లోనూ సగం సగం పడుతుందని హైమ అంది. కాసేపు చీలమండ దగ్గర వేలు పెట్టి వంచి చూస్తూ, ఇక్కడ మడత పెట్టి దానికో గడియ పెడితే ఎలా ఉంటుందని అంది. తలుపు గడియలాంటిది. గడియ వేస్తే కదలదు, తీస్తే ముందుకు వంగుతుంది. పక్కలకు రెండు వేళలా పట్టుకునే ఉంటుంది.

అంత తేలికైన సంగతి నాకు తట్టనందుకు నాకు ఒళ్లు మండింది. తట్టింది దానికి కావడం ఇంకొంచెం. అవి అణిగేదాకా మేజోళ్లు మడతపెట్టాను. తరవాత, మడత బిందువు నువ్వన్న చోట కాదు, రెండు గోళ్లంత కిందికి ఉండాలి, లేకపోతే వంగినప్పుడు మడమ జారుతుందని చెప్పాను. హైమ ఒప్పుకుంది. వకుళ అచ్చు మీద పొద్దంతా ఇద్దరం పనిచేశాం. రేకు వేడిగా ఉన్నప్పుడు ఒకరు లాగి పట్టుకోవాలి, ఒకరు నొక్కాలి. తెర అడ్డమొస్తోందని తీసి పక్కన పెట్టాం.

సాయంకాలం వకుళకు తొడిగాం. గడియ వేసుకుని బరువు దారిన నడిచింది. కొసన వంగి, గడియ తనే తీసుకుని, వెనక్కి నడిచింది. పట్టు కుదిరేదాకా రెండుసార్లు తడబడింది. పడలేదు. మాణిక్యం గోడకు ఆనుకుని చూసింది. వద్దనలేదు.

తరవాత అందరం వంటింట్లో కూర్చున్నాం. నేను చేసినదంతా సుందరానికి, మాణిక్యానికి చెప్పాను. మాణిక్యం లేచి లోపలికి వెళ్లి, చాలాసేపటికి వచ్చి మళ్లీ తన చోటే కూర్చుంది. క్షమించమని అడిగాను. మంచినీళ్లు తాగండి అంది. అంతవరకే అంది.

ఈ సాయంత్రం ఇంట్లో నిర్ణయించినది ఇది.

వకుళను ఇరుసుకు పంపేది లేదు. రేపు పరీక్షలో పడితే మళ్లీ పరీక్ష అడుగుతాం, మళ్లీ పడితే మళ్లీ అడుగుతాం. ఈ మాట సుందరమే అన్నాడు. మాణిక్యం అతని చేత రెండుసార్లు అనిపించింది.

బడి పుస్తకంలో గడియ జతను ఈ రాత్రే ఒకే జతగా రాస్తాం. కింద నా సంతకం ఉంటుంది. డాక్టరుకు తెలిసిన సంతకం అదేనని హైమ అంది. గడియ ఆలోచన హైమదని సంతకం పైన నేను రాస్తాను.

పరీక్షకు ముందు నేను బడికి వెళ్లి, మూడోసారి పడడానికి నేను చేసిన పని కారణమని పెద్ద టీచరమ్మతో చెబుతాను. గది పేరు పోతుందని సుందరం జంకాడు. కార్తీకం 6 నుంచి ఉన్న పేజీలు తీసేసి డాక్టరుకు పంపుదామన్నాడు. ముగ్గురం వద్దన్నాం. పేజీలు ఉంటాయి.

ఇకనుంచి గదిలో పిల్లలను రెండు దారులా నడిపిస్తాం. వెనక్కి ఎత్తుకుని తేవడం ఉండదు. ఇదివరకు మా దగ్గర స్ప్లింట్లు తీసుకున్న పిల్లలందరినీ ఒక్కొక్కరిగా పిలిపించి తేలిక దారిన నడిపించి చూస్తాం. పసుపు నాది, బెల్టు హైమది, రెండూ ఉంటాయి. రంగనాయకమ్మగారి మనవరాలితో మొదలు.

ఆఖరున, రేపు వకుళ పక్కన ఎవరు నడవాలన్నది. ఒక్కరే నడవాలి. సుందరం నన్ను చూశాడు, మాణిక్యం ఎవరినీ చూడలేదు. పిల్లనే అడుగుదామని హైమ అంది. అడిగారు. వకుళ కుట్ల మీద వేలు పెట్టుకుని ఆలోచించింది. చిన్నత్త అంది.

సరేనని మొదట అన్నది నేను.